ఎర్ర చుక్కలు
(అద్దె గొంతు: పదకొండో వారం)

యున్షా ఇంటి గడప తొక్కనని తాన్ షీజూ పెట్టుకున్న ఒట్టు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒట్టు గట్టు మీద పెట్టి, తలకి తెల్లగుడ్డ కట్టుకుని, ఆమె ఇవాళ అదే ఇంట్లో నిలబడి ఉంది. చావింట్లో కూతురి తరఫున ఏడ్చే పని షీజూది. యాంగ్సీ ఒడ్డు కొండఊళ్ళలో ముప్పై ఏళ్ళుగా ఎవరు పోయినా ఆ గొంతే లేచేది. కిందటేడు ఆమె ఏడుస్తుండగా యున్షా చాటుగా వీడియో తీసి, దానికి డాన్సు పాట తగిలించి లోకం మీదికి వదిలింది. సంతలో పిల్లా జెల్లా ఆమె వెనకాలే ఎక్కిళ్ళు పెడుతూ గెంతారు. అంతకంటే అవమానం ఉంటుందా?

అయినా వచ్చింది. ఎందుకంటే పెట్టెలో పడుకున్నది యున్షా తల్లి మౌ అవ్వ. పన్నెండేళ్ళు సంతలో పక్కపక్కన కూర్చున్నారు ఇద్దరూ. షీజూ అల్లం అమ్మేది, మౌ అవ్వ ఆవమొక్క కాడల ఊరగాయ. "నేను పోతే నువ్వే ఏడవాలే షీజూ, ఇంకెవరూ వద్దు" అని మౌ అవ్వ చేతిలో చెయ్యి వేయించుకుంది. ముసలమ్మ నిద్రలోనే హాయిగా పోయిందని కూతురు అందరికీ చెప్పింది.

శవం మీది గుడ్డ తొలగించి షీజూ కొయ్యబారిపోయిన చోట కిందటి వారం ఆగాం కదా. ఆమె చూసిందేమిటో ఇప్పుడు చెబుతాను. చచ్చినవాళ్ళకి బేసి లెక్కన బట్టలు తొడుగుతారు. గుండీలు ఉండకూడదు, ముడులే ఉండాలి. ఆ ప్రాంతంలో చంటిపిల్లకి కూడా తెలిసిన సంగతి. మౌ అవ్వకి మాత్రం అన్నిటికీ పైన ఒక ఎర్ర దూది కోటు తొడిగారు. దానికి మెడ దాకా జిప్పు. గుండెల మీద అరచేయంత కంపెనీ ముద్ర. ఆ ముద్ర సరిగ్గా కనబడాలని ముసలమ్మ చేతులు రెండూ పక్కకి సర్ది పెట్టారు.

"ఇదేంటి?" అంది షీజూ.

"బావుంది కదా? కోటు కంపెనీవాళ్ళే పంపారు పిన్నీ. అమ్మంటే వాళ్ళకి ఎంత ప్రేమో!" అంది యున్షా, అద్దంలో కనురెప్పలు సరిచేసుకుంటూ. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. తల్లి వీడియోలతోనే పైకొచ్చింది. తల్లి మొహాన పిండి కొట్టడం, తల్లి గిన్నెలో దొంగతనంగా మిరపకాయలు కలపడం, ముసలమ్మ దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పకపకా నవ్వడం. అలాంటివి చూసి మురిసిపోయే జనం మూడు లక్షలమంది ఉన్నారు మరి.

ఆమె మొగుడు ఫాన్ పెట్టె మీదికి ఫోను వంచి వెలుతురు సరిచూస్తున్నాడు. ఉన్నట్టుండి కిసుక్కుమన్నాడు. "ఏయ్, ఇటు చూడు యున్షా!"

షీజూ కూడా చూసింది. చూడకపోయినా బావుండేది. అందం దిద్దే మర ఏదో ఆ ఫోనులో ఆన్ అయి ఉంది. దానికి బతికిన మొహమేదో చచ్చిన మొహమేదో ఏం తెలుసు? మౌ అవ్వ పాలిపోయిన బుగ్గలకి గులాబీ రంగు పూసింది. మూసిన కళ్ళ మీద పొడుగాటి రెప్పలు అతికించింది. నెత్తిన రెండు కుందేలు చెవులు మొలిపించింది. చెవులు ఊగుతున్నాయి కూడా.

"తియ్యి! తియ్యరా దాన్ని!" అని షీజూ అరిచిన అరుపుకి బయట పందిట్లో మాజోంగ్ బిళ్ళలాట ఆడుతున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు.

"తీసేస్తున్నా పిన్నీ, పొరపాటున వచ్చింది. అంత కోపమైతే ఎలా?" అన్నాడు ఫాన్, నవ్వు ఆపుకుంటూ.

ఛీ, అనుకుంది షీజూ. లేచి వెళ్ళిపోదామనే అనిపించింది. కానీ వెళితే? ఇంకెవరినో పిలిపించుకుంటారు. పక్క ఊళ్ళో రికార్డు పెట్టి పెదాలు ఆడించేవాళ్ళు ఇద్దరు తయారయ్యారు. మౌ అవ్వ చేతిలో వేసిన చెయ్యి గుర్తొచ్చి ఆగింది.

పెట్టె తలవైపు మనిషెత్తు తెర ఒకటి నిలబెట్టారు. ఫాన్ మీట నొక్కాడు. తెర వెలిగింది. అందులో మౌ అవ్వ కూర్చుని ఉంది.

"నగరంలో కంపెనీవాళ్ళు తయారుచేశారు. ఏం అడిగినా జవాబు చెబుతుంది. చూడు," అని యున్షా తెర ముందు నిలబడి గొంతు తియ్యగా చేసింది. "అమ్మా, అన్నం తిన్నావా?"

"తిన్నాను యున్షా. మా అమ్మాయి ఊరగాయ ఉంటే రెండు గిన్నెలు ఎక్కువే తింటాను. మీరంతా తిన్నారా? కొనుక్కోవాలంటే కింద బండి గుర్తు నొక్కండి," అంది తెర మీది ముసలమ్మ, నవ్వుతూ.

గొంతు ఆమెదే. ఆ జీర, 'తిన్నాను' అనేటప్పుడు ఆ సాగదీత, అన్నీ ఆమెవే. నోటి నిండా ముత్యాల్లాంటి పళ్ళు మాత్రం ఆమెవి కావు. ముందు రెండూ ఊడి మూడేళ్ళయింది. అవి ఊడిన వీడియో కూడా ఈ కూతురే పెట్టింది. అప్పట్నుంచి మౌ అవ్వ సంతలో చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేది కాదు. ఇప్పుడు చచ్చాక పళ్ళు మొలిపించారన్నమాట.

"సరే యున్షా. నాలుగింటికి లైవు మొదలంటున్నావు కదా, నాకు కావలసినవి అడుగుతాను చెప్పు," అంది షీజూ. ఆమె పద్ధతి అది. ఊరికే గుండెలు బాదుకోదు. పోయినవాళ్ళు ఏం తినేవాళ్ళు, దేనికి భయపడేవాళ్ళు, ఎవరి మీద బెంగపెట్టుకున్నారు, అన్నీ అడిగి తెలుసుకుని అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుంటుంది. "నిన్ను ఇంట్లో ఏమని పిలిచేది?"

యున్షా చేతిలో కాటుక ఆగింది. "ఏమని... యున్షా అనే కదా."

"కెమెరా ముందు కాదమ్మా. ఇంట్లో."

"ఏమో పిన్నీ, అంత గుర్తులేదు. అబ్బ, ఏదో ఒకటి పెట్టెయ్. మొదటి మూడు నిమిషాల్లో ఏడుపు రావాలి, అది ముఖ్యం. లేకపోతే జనం వేలితో తోసేసి ఇంకో వీడియోకి పోతారు." అంటూ సొరుగులోంచి తన పాత ఫోనొకటి తీసి షీజూ ఒళ్ళో పడేసింది. "అమ్మ పంపిన మాటలన్నీ ఇందులో ఉన్నాయి. కంపెనీకి ఇచ్చింది కూడా ఇవే. రెండు మూడు విను, నీకే తెలుస్తుంది."

వినకుండా ఇచ్చెయ్యడం ఆమెకి అలవాటే. ఆ తొందరలో ఆమె చేసిన తప్పు అదే.

షీజూ ఫోను పట్టుకుని వెనక ఊరగాయల గదిలోకి వెళ్ళింది. జాడీల మధ్య పీట మీద సన్నాయి వాయించే పూ కూర్చుని వాద్యం తుడుచుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆమె ఏడుపుకి సన్నాయి పట్టేది అతనే.

"అన్నయ్యా, దీన్ని ఎలా వినాలో చూడు."

పూ కళ్ళజోడు సర్దుకుని ఫోను తెరిచాడు. తెల్ల గీతలు, ఒకదాని కింద ఒకటి. మౌ అవ్వకి రాయడం రాదు. నొక్కి పట్టుకుని మాట్లాడి పంపేది. ఒక్కోటి అరవై సెకన్లకి మించదు. పూ వేలితో పైకి జరుపుతున్నాడు, జరుపుతూనే ఉన్నాడు. ప్రతి గీత పక్కనా చిన్న ఎర్ర చుక్క.

"ఈ చుక్కలేంటి?"

"విననివాటికి ఉంటుంది చెల్లెమ్మా. వింటే పోతుంది."

"అన్నీ ఎర్రగానే ఉన్నాయి?"

"అదే చూస్తున్నా. నాలుగొందల పైన ఉన్నాయి. ఒక్కటీ విన్న పాపాన పోలేదు. పెళ్ళికొచ్చినవాళ్ళ సెల్ఫోన్లు కూడా నొక్కి చూసే రకం ఇది, కన్నతల్లి మాట వినడానికి వేలు రాలేదా దీనికి?" అని పూ నేల మీద ఉమ్మబోయి, ఊరగాయల గది అని గుర్తొచ్చి మింగాడు.

షీజూ ఒకటి నొక్కింది.

"చిన్నీ, నేనే. వానొస్తోంది. నువ్వు ఎర్ర చెప్పులేసుకుని వెళ్ళావు, జారతాయవి. వచ్చేటప్పుడు గట్టు మీదుగా రాకు. అంతే. ఇక వేలు తీస్తున్నానే."

చుక్క మాయమైంది.

ఆ చివరి మాటకి షీజూకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వేలు తీస్తే మాట వెళుతుందని ముసలమ్మకి ఎవరో నేర్పారు. చెప్పకుండా వేలు తియ్యడం మర్యాద కాదనుకుంది కాబోలు.

ఇంకోటి. "చిన్నీ, సంతలో ఆ బట్టల కొట్టువాడు నన్ను చూసి మిరపకాయ దగ్గు దగ్గి చూపించాడే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో. కానీ ఇంక ఆ మిరపకాయలది వద్దే. కడుపులో మంట తగ్గట్లేదు. నీ ఎదురుగా చెబుదామంటే కెమెరా తిరుగుతూ ఉంటుంది. ఇక వేలు తీస్తున్నా."

ఇంకోటి. "చిన్నీ, ఇది మాత్రం గుర్తుపెట్టుకో. నేను పోయాక నా మొహం మీద గుడ్డ కప్పెయ్. ఎవరికీ చూపించొద్దు. బతికున్నన్నాళ్ళూ చూశారు, చాలు. షీజూ చేత ఏడిపించు, దానికి నా సంగతులన్నీ తెలుసు. తలుపేసుకుని ఏడిపించు. నీకు పుణ్యముంటుంది. వేలు తీస్తున్నానే తల్లీ."

పూ సన్నాయి పక్కన పెట్టేశాడు.

"చివర్న ఉన్నవి చూడు," అన్నాడు మెల్లగా. "ఎనిమిదో తారీఖు పొద్దున పదీ పది. తొమ్మిదో తారీఖు తెల్లారుజామున నిద్రలో పోయిందన్నారు కదా?"

షీజూ నొక్కింది.

"చిన్నీ... వంటింట్లో ఉన్నానే. పొయ్యి దగ్గర పడిపోయాను. లేవలేకపోతున్నా. తుంటి దగ్గర ఏదో... నువ్వు ముందుగదిలోనే ఉన్నావు కదా, నీ మాటలు వినిపిస్తున్నాయి. అరుద్దామంటే లైవులో అరవొద్దన్నావు. అందుకే ఇందులో చెబుతున్నా. ఒకసారి రా. వేలు తీస్తున్నా."

పదీ ముప్పై. "చిన్నీ, అయిపోయిందా? పనిలో ఉన్నట్టున్నావు. అయ్యాకే రా. నీళ్ళు మాత్రం తెచ్చిపెట్టు."

పదకొండుంపావు. ఇందులో మాటలు లేవు. ఊపిరి వినిపించింది. ఆ ఊపిరి వెనకాల, గోడ అవతల, యున్షా గొంతు హుషారుగా వినిపించింది: "మా అమ్మ చేత్తో పెట్టిన ఊరగాయ! ఇంక కొన్నే ఉన్నాయి, త్వరపడండి!" అరవై సెకన్లూ అంతే. చివర్న వేలు తీస్తున్నానని ఎవరూ చెప్పలేదు. అరవై నిండి దానంతటదే తెగిపోయింది.

షీజూ గోడకి చేరగిలబడిపోయింది. ఎన్ని చావులు చూడలేదు ఆమె? వరదలో పోయినవాళ్ళనీ, గనిలో పోయినవాళ్ళనీ చూసింది. ఎక్కడా ఇలాంటిది వినలేదు. గోడకి ఇవతల తల్లి దాహమని గొణుగుతుంటే, అవతల కూతురు ఆ తల్లి పేరు చెప్పుకుని ఊరగాయ అమ్ముకుంది. తల్లి మర్యాద తెలిసిన మనిషి కాబట్టి అరవలేదు.

"పిన్నీ! ఇంకా ఎంతసేపు? పది నిమిషాలే ఉంది!" అంటూ యున్షా గుమ్మంలోకి వచ్చింది. తెల్ల దుస్తుల్లో, ఏడ్చి ఏడ్చి వాచినట్టు దిద్దిన కళ్ళతో.

షీజూ లేచి ఫోను ఆమె మొహం ముందుకి పెట్టింది. "విను."

"ప్రసారం అయ్యాక వింటాలే."

"ఎనిమిదో తారీఖుది. పదీ పది. విను యున్షా."

తారీఖు వినగానే ఆ మొహంలో రంగు మారింది. పూత కింద కూడా తెలిసింది. అప్పుడు షీజూకి అర్థమైంది. ఇది ఆ మాటలు విని ఉండకపోవచ్చు, కానీ జరిగింది దీనికి తెలుసు. ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి చూసింది కూడా ఇదే. ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, నిద్రలో పోయిందని తెల్లారి ఊరికి చెప్పింది కూడా ఇదే.

"నేను లైవులో ఉన్నాను పిన్నీ," అంది యున్షా గొంతు తగ్గించి. "రోజుకి ఎన్ని వస్తాయో తెలుసా ఆవిడ దగ్గర్నుంచి? వానొస్తోంది, గొడుగు తీసుకెళ్ళు, అన్నం తిను. ప్రతిదానికీ లేచి పరిగెత్తనా? అందరూ అంతే. నీ కొడుకు నీవి వింటాడా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

"నా కొడుకు సంగతి నాకొదిలెయ్. మీ అమ్మ నీళ్ళడిగింది."

"నాకు తెలీదు కదా!"

"తెలుసుకోడానికి ఒక్క వేలు చాలేది. మొహం మీద గుడ్డ కప్పమంది. తలుపులేసుకోమంది. ఈ ఫోన్లూ తెరలూ అన్నీ తీయించి, బయట కూర్చున్న చుట్టాల్ని పిలిచి జరిగింది చెప్పు. నేను నీ పక్కన కూర్చుంటాను. నువ్వు ఏడువు, నేనూ ఏడుస్తాను. మీ అమ్మ క్షమిస్తుంది. ఆమె అలాంటి మనిషి."

ఒక్క క్షణం యున్షా పెదవి నిజంగానే వణికింది. షీజూ చూసింది. చెయ్యి చాపింది కూడా. అంతలో ముందుగదిలోంచి ఫాన్ కేకేశాడు: "అప్పుడే ఎనభైవేలమంది వచ్చి కూర్చున్నారే! రా!"

యున్షా ఫోను లాక్కుంది. వేలు రెండుసార్లు ఆడించింది. తెల్ల గీతలన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయాయి. నాలుగొందల మాటలు, వానా చెప్పులూ నీళ్ళూ అన్నీ.

"ఇప్పుడేముంది?" అంది ఫోను చూపించి. గొంతు మళ్ళీ మామూలైపోయింది. "ముసలమ్మ నిద్రలో పోయింది. నువ్వు ఏడవడానికి వచ్చావు, వచ్చి ఏడువు. లేదా వెళ్ళిపో. నీ మాట ఎవరు నమ్ముతారు? నీ మొహం కనబడితే జనానికి ఆ డాన్సు వీడియోనే గుర్తొస్తుంది."

వెళ్ళిపోయింది. పూ పిడికిలి బిగించి లేచాడు. "ముసలాడినే అయినా ఒక్కటి పీకితే..."

"కూర్చో అన్నయ్యా." షీజూ గుమ్మంలోంచి ముందుగది వైపు చూస్తోంది. తెర మీద తెల్లటి పళ్ళతో మౌ అవ్వ నవ్వుతోంది. "కంపెనీకి ఇచ్చింది కూడా ఇవే అంది కదూ?"

"ఆఁ. వినకుండానే మొత్తం ఎత్తి పోసి ఉంటారు."

"అంటే ఆ తెరలోది విన్నదన్నమాట. దాన్ని తయారుచేసిందే ఆ మాటలతో. ఇన్నాళ్ళకి మౌ అక్క మాటలన్నీ విన్నది అదొక్కటే."

పూ సన్నాయి అందుకున్నాడు.

"ఆ తెర వైరు ఎక్కడ తగిలించారో చూశావా?" అంది షీజూ.

"స్తంభం పక్కన."

"నీ స్టూలు అక్కడ వేసుకో."

నాలుగయింది. పందిట్లో చుట్టాలు, పెట్టె చుట్టూ దీపాలు, మూడు ఫోన్లు. యున్షా పెట్టె మీద వాలి వెక్కుతోంది. ఆ ఫోన్లలో పువ్వులు కురుస్తున్నాయి, హృదయాలు ఎగురుతున్నాయి. ఫాన్ వేళ్ళతో లెక్క చూపిస్తూ షీజూకి సైగ చేశాడు: మూడు, రెండు, ఒకటి.

సన్నాయి లేచింది. షీజూ నడుముకి జనపతాడు కట్టుకుని, గడప దగ్గర్నుంచి మోకాళ్ళ మీద పాకుతూ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే మొదట చెయ్యి చాపి, మౌ అవ్వ మొహం మీదికి తెల్లగుడ్డ లాగింది. ఆ గుడ్డ కొస కోటు మీది ముద్రని కూడా కప్పేసింది. "పిన్నీ, అది తియ్యి," అని యున్షా పెదాలు కదలకుండా గొణిగింది. షీజూ వినిపించుకోలేదు.

ఏడుపు పాటలో మొదటి చరణం ఎప్పుడూ ఒకటే. తాతల నాటిది, ఏ కూతురైనా అడిగేది. షీజూ తల నేలకి ఆనించి, లేచి, పెట్టె వైపు కాకుండా తెర వైపు తిరిగింది.

"అమ్మా... ఎక్కడున్నావే అమ్మా?"

ముప్పై ఏళ్ళలో ఏ చావింట్లోనూ ఆ ప్రశ్నకి జవాబు రాలేదు. ఇవాళ తెర మీది ముసలమ్మ కళ్ళు ఆర్పి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

"వంటింట్లో ఉన్నానే చిన్నీ. పొయ్యి దగ్గర పడిపోయాను. లేవలేకపోతున్నా."

మాజోంగ్ బిళ్ళల చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఆడమనిషి "ఏమందీ?" అంది. యున్షా వెక్కడం మరిచిపోయి తల ఎత్తింది. చిన్నీ అన్న పిలుపు ఇప్పుడు గుర్తొచ్చింది కాబోలు, ఆమె మొహం చూడలేకపోయారు దగ్గర ఉన్నవాళ్ళు.

"ఏదో తేడా వచ్చింది, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం," అంటూ ఫాన్ స్తంభం వైపు పరిగెత్తాడు. అక్కడ పూ స్టూలు వేసుకుని, వైరు మీద కాళ్ళు రెండూ ఆనించి, కళ్ళు మూసుకుని సన్నాయి ఊదుతున్నాడు. చావింట్లో సన్నాయి ఊదుతున్నవాడిని మధ్యలో లేపకూడదని ఫాన్‌కి కూడా తెలుసు.

షీజూ ఇంకొంచెం ముందుకి పాకింది. రాగం తప్పకుండా, గొంతు వణకకుండా, చరణం లేని చోట చరణం కట్టి అడిగింది.

"ఎవరిని పిలిచావమ్మా? పిలిస్తే వచ్చారా అమ్మా?"

తెర మీది పెదవులు కదిలాయి.